ఆళ్లగడ్డ దాకా

"ఆ బకెట్ ముట్టొద్దు. అవి మంచినీళ్లు," అంది ఫిరోజా వంటింటి కిటికీలోంచి.

రబ్బానీ అప్పటికే బకెట్ ఎత్తుకుని వరండా మూలకు నడుస్తున్నాడు. కారు నిలబెట్టే చోట, గోడ వారగా ఎర్తు గుంత ఉంది. ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన గుంత. ఎండలకు మట్టి గట్టిపడి పొడిబారితే ఎర్తు అందదు. ఎర్తు అందకపోతే చార్జర్ డబ్బా మీద ఎర్రదీపం వెలుగుతుంది, కారుకు కరెంటు ఎక్కదు. మోటార్ వైండింగ్ షాపు నడిపే రబ్బానీకి ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. రైతులు కాలిపోయిన బోరు మోటార్లు తెచ్చినప్పుడల్లా "ఎర్తు గుంతకు నీళ్లు పోస్తాండారా లేదా?" అని గదమాయించేది అతనే.

"ఒక్క బకెట్టే గదా," అన్నాడు గుంతలోకి వంచుతూ.

"కొళాయి మళ్లా వచ్చేది ఎల్లుండి. పప్పుడకాలన్నా, మామకు టీ పెట్టాలన్నా అవే నీళ్లు. బట్టలుతికినవి తొట్టి నిండా ఉండాయి గదా, అవి పొయ్యకూడదా?"

"సబ్బునీళ్లకు గుంత చెడిపోతాది."

"అవు, గుంత చెడిపోకూడదు. మనం ఎట్ల పోయినా ఏం లేదు."

వసారాలో మంచం మీద కూర్చుని మునగాకు దూస్తున్న మాబున్నీసా తల ఎత్తలేదు. "పొయ్యి నాయనా, బాగా పొయ్యి," అంది కొడుకుతో. "రేపు నన్ను పెట్టిన గుంత మింద గూడా ఇన్ని నీళ్లు పొయ్యవు."

పేపరు వెనకాల రబ్బానీ తండ్రి ఖాసిం సాహెబ్ భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని ఇంట్లో అందరికీ తెలుసు. కారు కొనేటప్పుడు ఆయన ఒక్కమాటే అన్నాడు, మోటారును నమ్ము గానీ బ్యాటరీని నమ్మొద్దురా అని. ఆ తర్వాత ఇక అనలేదు. ఇలా పేపరు వెనకాల నవ్వుతుంటాడు.

గుంత నీళ్లు తాగింది. ఎర్రదీపం రెండుసార్లు మినుకుమని పచ్చగా మారింది. రబ్బానీ ఖాళీ బకెట్ గడప దగ్గర పెట్టి, "కూలర్ ఆపండి. రెండూ కలిస్తే మెయిన్ పడిపోతాది," అన్నాడు.

ఫిరోజా కూలర్ ఆపింది. ఇంట్లో గాలి ఒక్కసారిగా బరువెక్కింది. మాబున్నీసా ఆకు చేట పక్కకు పెట్టి విసనకర్ర తీసుకుంది. కారు మాత్రం నీడలో, సన్నగా రొదచేస్తూ కడుపు నింపుకుంటూ ఉంది.

"ఆదివారం చిల్లా," అంది ఫిరోజా. ఉదయం నుంచీ అనాలనుకుంటున్న మాట అదే. నీళ్ల బకెట్ అడ్డం వచ్చింది.

"తెలుసు."

"తెలుసు అంటే పోతాండామనా? ఊరికే తెలుసనా?"

రబ్బానీ చార్జర్ తీగను చుట్టలు చుట్టలుగా సర్దుతూ, "సూద్దాంలే," అన్నాడు. "ఎండలు సూస్తాండావు గదా. ఏసీ ఏస్తే బ్యాటరీని తాగేస్తాది. ఎయ్యకపోతే అమ్మ తట్టుకోలేదు. దావలో చార్జర్లు పనిచేస్తాంటాయో లేదో."

"అయితే బస్సులో పోదాం."

"ఇంటి ముందర కారు పెట్టుకోని బస్సు దిగితే అష్రఫ్ నోరు మూసుకోని ఊరికే ఉంటాడా?"

అష్రఫ్ కడపలో ఉండే తోడల్లుడు, ఫిరోజా చెల్లెలు శిరీన్ భర్త. అతనికి డీజిల్ కారుంది. రబ్బానీ కొత్త కారు ఫోటో పంపినప్పుడు, "శానా బాగుండాదన్నా. వచ్చేముందర ఒక ఫోన్ కొట్టు, తాడు తీసుకోని నంద్యాల దాకా ఎదురొస్తా," అన్నాడు. అందరూ నవ్వారు. రబ్బానీ కూడా నవ్వాడు. కానీ ఆ నవ్వు అతనిలో ముల్లులా విరిగి ఉండిపోయిందని ఫిరోజాకు తెలుసు.

కారు రాకముందు ఆమె రంజానుకో, ఉరుసుకో, ఊరికే చూసి రావడానికో కర్నూలులో బస్సెక్కి కడపకు పోయి వచ్చేది. కారు వచ్చాక ఒక్కసారీ పోలేదు. బస్సుకు పరువు చాలదు, కారుకు చార్జి చాలదు. రెండింటి మధ్యా దారి మూసుకుపోయింది.

శిరీన్‌కు పెళ్లైన ఎన్నో ఏళ్లకు ఆడబిడ్డ పుట్టింది. ఫిరోజాకు పిల్లలు లేరు. అక్కచెల్లెళ్లిద్దరికీ కలిపి ఆ ఒక్క బిడ్డే. ఆ బిడ్డను ఆమె ఇంతవరకూ ఫోనులోనే చూసింది. నలభై దినాల స్నానం చేయించి, చిల్లా నాడు బిడ్డకు మొదటి కాటుక పెట్టేది పెద్దమ్మే. వాళ్ల అమ్మ వైపు అదొక పట్టింపు. పెద్దమ్మ లేకపోతే మేనత్త పెడుతుంది. మేనత్త అదే వీధిలో ఉంది.

"సూద్దాం అంటే నాకు కుదరదు," అంది ఫిరోజా. "శిరీన్‌కు ఏదో ఒకటి చెప్పాల."

"వస్తామని చెప్పు," అన్నాడు రబ్బానీ. ఆ మాట అతను ఆమె వైపు చూసి అనలేదు. పచ్చదీపం వైపు చూసి అన్నాడు.

గురువారం మధ్యాహ్నం ఫిరోజా మిషను ముందు కూర్చుని బిడ్డకు గౌను కుడుతోంది. తన పాత తెల్ల వాయిల్ చీర కొంగు అది. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడింది. లోపలి కుట్టు పసిచర్మానికి గుచ్చుకోకుండా అంచుల్ని లోపలికి మడిచి, మళ్లీ దాని మీద కుట్టు వేస్తోంది. చంకల దగ్గర కుట్టు వంకరపోయినట్టు అనిపించి విప్పి మళ్లీ వేసింది. ఎవరికీ కనపడని చోటే. అయినా విప్పింది.

యశోద వచ్చి, ఫాల్ కుట్టాల్సిన చీర మంచం మీద పడేసి, పంకా కింద కూలబడింది. రబ్బానీ షాపు పక్కనే పైపుల అంగడి నడిపే హనుమేష్ భార్య ఆమె. నోరు ఆగదు, మనసులో ఏదీ దాగదు.

"ఎవరికక్కా ఇంత సన్న గౌను? మీ చెల్లెలి బిడ్డకా?"

"అవు. ఆదివారం చిల్లా. పోతే గిన శనివారం పోవాల."

"పోతే గినా ఏందక్కా? కారుంది గదా."

"కారుంది. కడపకు చార్జి చాలదంట."

యశోద పకపకా నవ్వింది. "మీ ఆయనకు మళ్లా తాబేలు కనపడతాదని భయం పట్టుకున్నట్టుండాది."

ఫిరోజా పాదం మిషను మీద ఆగింది. "తాబేలా?"

"చెప్పలేదా నీకు? అయ్యో! మావోనికి పుట్టెంట్రుకలు తీసేకి అహోబిలం పోయినాం గదా, మీ కార్లో. పొద్దున్నే పోయినాం, ఎగువకు గూడా ఎక్కినాం, బాగా దర్శనమైంది. తిరుక్కోని వస్తాంటే, ఆళ్లగడ్డలో చార్జర్ పనిచెయ్యలేదు. సూద్దాంలే, నంద్యాల చేరతాం అనుకోని వచ్చేసినాం. ఇంగ సూడక్కా, చార్జి అయిపోవచ్చి మీటరు మింద తాబేలు బొమ్మ వచ్చింది! కారు నిజంగానే తాబేలు మాదిరి పోతాండాది. నడ్సుకుంటా పొయ్యే ముసలాయప్ప మమ్మల్ని దాటుకోని పోయినాడు. ఆపైన అది గూడా లేదు, ఆగిపాయె."

"ఆగిపోయిందా?"

"రోడ్డు మింద! మా ఆయన పొయ్యి ఊర్లో నుంచి ట్రాక్టరు తెచ్చినాడు. తాడు కట్టి లాక్కోని పోయినారు ఒక పిండి మిల్లు కాడికి. ఊరంతా వచ్చి సూసింది. ఎవరో ఫోన్లో గూడా తీసినారు. మా అత్తయితే మిల్లు అరుగు మింద పడుకోని గుర్రు కొట్టింది. ఆ మిల్లామె ఉగ్గాని చేసి పెట్టింది, శానా మంచిది. మేమైతే ఇప్పటికీ తల్చుకోని నవ్వుకుంటాం."

"ఈయప్ప?"

"రబ్బానీ అన్నా?" యశోద ఆలోచించింది. "ఆయప్ప నవ్వలేదక్కా. ఉగ్గాని గూడా తినలేదు. కారు పక్కనే నిలబడినాడు, కరెంటు ఎక్కేదాకా."

ఫిరోజా సూది కింద గుడ్డను సరిచేసుకుంది. ఆ రోజు ఆమెకు గుర్తుంది. హనుమేష్ వాళ్లతో నంద్యాల వైపు పని ఉందని రబ్బానీ అన్నాడు. పొద్దుపోయాక వచ్చి, అన్నం వద్దని, కాళ్లు కడుక్కుని పడుకున్నాడు. ఎండదెబ్బేమో అనుకుని ఆమె మజ్జిగలో ఉప్పేసి ఇచ్చింది.

అహోబిలానికి పోయి రావాలంటే కడపకు పోయిన దానికన్నా ఎక్కువ దూరం. ఆ లెక్క ఆమె మనసులో తనంతట తానే జరిగిపోయింది. అవతలివాళ్ల దేవుడి దగ్గరికి, అవతలివాళ్ల బిడ్డ వెంట్రుకలు తీయించడానికి ఆ కారు కొండెక్కింది. దానికి ఆమెకు బాధ లేదు. ఆ బిడ్డ కూడా ఈ ఒళ్లో పెరిగినవాడే. కానీ ఆ దూరం పోగలిగిన బండి శిరీన్ ఇంటికి వచ్చేసరికి పోలేని బండి ఎలా అయింది?

"ఏందక్కా, నేను చెప్పకూడనిది చెప్పినానా?" అంది యశోద, నవ్వు తగ్గించి.

"ఏం లేదులే. చీర రేపిస్తా. ఫాల్ తెచ్చినావా, నేనే తెచ్చుకోవాల్నా?"

సాయంత్రం రబ్బానీ వచ్చి గోళెం దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. రాగితీగ వార్నిష్ వేళ్ల సందుల్లో గట్టిపడి ఒక పట్టాన పోదు. కిరసనాయిలు గుడ్డతో రుద్దుకుని, ఆ తర్వాత సబ్బు. ఫిరోజా చెంబుతో నీళ్లు పోస్తూ నిలబడింది.

"యశోద వచ్చింది," అంది.

అతను వేళ్ల సందులు ఇంకా గట్టిగా రుద్దుకున్నాడు.

"ట్రాక్టరు సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పేకి ఏముండాది దాంట్లో?"

"ఏం లేకపోతే చెప్పొచ్చు గదా."

రబ్బానీ చేతులు విదిలించాడు. తుడుచుకోవడానికి తువ్వాలు అందించినా తీసుకోలేదు. "మోటార్లు బాగుచేసేవాడు, వాని కారు రోడ్డు మింద ఆగిపోయింది. ఆ ఊర్లో నా గిరాకీలు ఉండారు ఫిరోజా. ఒకాయప్ప నన్ను గుర్తుపట్టినాడు. 'ఏం సాహెబు, నీ మోటారుకు ఎర్తు గుంతలో నీళ్లు పొయ్యలేదా?' అన్నాడు. అందరూ నవ్వినారు."

ఫిరోజాకు అతని మీద జాలి వేసింది. కోపం తెచ్చుకోవాలని నిలబడిన మనిషికి జాలి ఎదురొస్తే ఎటూ పాలుపోదు. అలాగే నిలబడింది.

"హనుమేష్ వాళ్లు కాబట్టి నవ్వుకోని ఊరుకున్నారు," అన్నాడతను. "అదే అష్రఫ్ ఇంటికాడ అయ్యుంటే, నేను బతికినంతకాలం వాళ్ల ఇంట్లో అదే కథ. పెండ్లిళ్లలో చెప్తాడు, పండగల్లో చెప్తాడు. నీకేం తెలుసు?"

"నాకు తెలుసు. వాడట్లే చెప్తాడు," అంది ఫిరోజా. "చెప్పనీ. అంతకన్నా ఏమైతాది?"

అతను తువ్వాలు ఆమె చేతిలోంచి తీసుకుని, ముఖం చాలాసేపు తుడుచుకుని, దాని వెనకనుంచే అన్నాడు. "శనివారం పోదాం. ఫుల్ చార్జి పెడతా."

శనివారం పొద్దున్నే బయల్దేరారు. షాపు ఖాసిం సాహెబ్ చూసుకుంటానన్నాడు. వెనక సీటులో ఫిరోజా, మాబున్నీసా, ఇద్దరి మధ్య మిఠాయి డబ్బా, మామిడికాయ ఊరగాయ జాడీ. గౌను ఫిరోజా ఒళ్లో సంచిలో. కాటుక ఇంట్లోనే పట్టింది. నేతిదీపం మీద రాగి పళ్లెం బోర్లించి, మసి గీకి, చిన్న డబ్బీలో నింపింది.

నంద్యాల దాకా అద్దాలు దించుకుని పోయారు. ఎండ ఎక్కుతున్నకొద్దీ గాలి వేడెక్కింది. కానీ గాలి అయితే ఉంది. నంద్యాల దాటాక రబ్బానీ అద్దాలు ఎక్కించేశాడు.

"ఎందుకురా?" అంది మాబున్నీసా.

"అద్దాలు తెరిస్తే గాలి బండిని ఎనక్కి తోస్తాది. చార్జి ఎక్కువ తింటాది."

"అయితే ఏసీ ఎయ్యి."

"అది ఇంగా ఎక్కువ తింటాది."

"మరి మేమేం తినాల?"

రబ్బానీ కళ్లు రోడ్డు మీద తక్కువ, మీటరు మీద ఎక్కువ ఉన్నాయి. లారీలు కూడా హారన్ కొట్టి దాటి పోతున్నాయి. దిగుడు వచ్చినప్పుడల్లా కాలు తీసేసి బండిని దాని మానాన పోనిస్తున్నాడు. ఎత్తు వచ్చినప్పుడు తనే నెడుతున్నట్టు ముందుకు వంగుతున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఫిరోజా తువ్వాలు తడిపి అత్త తల మీద కప్పింది. కాసేపటికే అది ఆరిపోతే మళ్లీ తడిపింది. ఎడమ వైపు నల్లమల కొండలు ఎండకు బూడిదరంగులో, దూరంగా, వాళ్లతోపాటే వస్తున్నాయి.

ఆళ్లగడ్డ దగ్గర బంకులో చార్జర్ ఉంది. ఈసారి పనిచేస్తోంది. రబ్బానీ ముఖంలో రక్తం తిరిగి వచ్చింది. అప్పటికే ఒక కారు తగిలించి ఉంది, వీళ్లదాని లాంటిదే, తెల్లది. పక్కన నీడలో ఒకామె కుర్చీ వేసుకుని పులిహోర తింటోంది. నడివయసు, కళ్లద్దాలు, నూలు చీర. పేరు రత్నమణి అని, కడపలో స్కూల్లో పనిచేస్తానని తనే చెప్పింది.

"కడప నుంచేనా మేడం?" అన్నాడు రబ్బానీ.

"అవునండీ. మా చెల్లెలు కర్నూల్లో ఉంది. నెలకొకసారి పోతుంటాను."

"ఒక్కరేనా?"

"ఎవరొస్తారు ఈ ఎండలో?"

"ఏసీ ఏసుకోనే వచ్చినారా?"

"వేసుకోక?" ఆమె ఆశ్చర్యపోయింది. "ఇక్కడ ఆగకపోయినా పోవచ్చు. తిండి టైం అయిందని ఆగాను. ఇప్పుడే తగిలించాను, మీటర్లో చూడండి, ఇంకా సగం పైనే ఉంది. మొదట్లో నేనూ మీలాగే ఉండేదాన్ని. మైదుకూరు దాటాలంటే గుండె కొట్టుకునేది. ఒకసారి పోయి వస్తే ఆ భయం అయిపోతుంది."

రబ్బానీ ఆమె కార్లోకి వంగి మీటరు చూశాడు. సగం పైనే ఉంది. తల ఊపాడు. తన కార్లోనూ దాదాపు అంతే ఉంది.

ఫిరోజా ఆమె పోయేదాకా ఆమెనే చూస్తూ ఉంది. డబ్బా మూత పెట్టి, చేయి కడుక్కుని, చార్జర్ గన్ను తీసి దాని చోట తగిలించి, అద్దం సరిచేసుకుని, చెల్లెలింటికి పోయింది. అంతే. అందులో పెద్ద సంగతేమీ లేదు. అదే ఫిరోజా గుండెల్లో పడింది.

రబ్బానీ గన్ను తీసి తన కారుకు పెట్టాడు. చార్జి ఎక్కడం మొదలైంది. మాబున్నీసా బంకు వెనక బాత్రూముకు పోయి వచ్చింది. సోడా తాగారు. ఇక పోదామనుకునేంతలో చార్జర్ మూగబోయింది. బంకు లోపల పంకా కూడా ఆగింది.

"కరెంటు పోయిందన్నా," అన్నాడు గల్లాపెట్టె దగ్గరి మనిషి. "ఎండలకు లైను మింద బరువు. వస్తే ఇప్పుడే వస్తాది, లేకపోతే మజ్జానం దాటిపోతాది."

"ఎక్కింది చాల్లే," అంది ఫిరోజా. "ఆ మేడం ఏసీతో వచ్చింది గదా. మనకు అంతకన్నా ఎక్కువే ఉండాది."

"ఆమె వచ్చిన దావ వేరు."

"అదే దావ. ఆమె ఇటు వచ్చింది, మనం అటు పోతాండాం."

అప్పుడే అతని ఫోను మోగింది. అష్రఫ్. గొంతు అందరికీ వినపడేంత పెద్దది.

"యాడికొచ్చినారన్నా? బిర్యానీకి చెప్పినా. ఆళ్లగడ్డా? ఆడ కరెంటు పోతాంటాదే! ఏం చెయ్యమంటావు, తాడు తీసుకోని రమ్మంటావా? డీజిలు ఫుల్లుగా కొట్టించినా!" వెనకాల ఎవరో నవ్వారు. పిల్ల ఏడుపు కూడా వినిపించింది, సన్నగా. ఆ ఏడుపు కోసం ఫిరోజా ఫోను వైపు వంగింది.

"ఏం వద్దులే," అన్నాడు రబ్బానీ నవ్వుతూ. ఫోను పెట్టేశాక కూడా ఆ నవ్వు కాసేపు ముఖం మీదే ఉండిపోయింది, తీయడం మర్చిపోయినట్టు. తర్వాత గన్ను తీసి తగిలించి, "ఎక్కండి," అన్నాడు.

కారు బంకు దాటి, డివైడర్ సందు దగ్గర తిరిగింది. ఫిరోజా ఆ తిరగడాన్ని పట్టించుకోలేదు. అత్త తల మీద తువ్వాలు సర్దుతోంది. తల ఎత్తేసరికి కొండలు కుడి వైపున ఉన్నాయి.

"ఇది కర్నూలు దావ," అంది.

రబ్బానీ అద్దంలో కూడా ఆమెను చూడలేదు.

"ఏమయ్యా, నిన్నే. ఇది కర్నూలు దావ."

"ఇంటికైతే చేరతాం. నాకు ఆ నమ్మకం ఉండాది. అటుపక్క మైదుకూర్లో గూడా కరెంటు లేకపోతే?"

"కడపకు ఎంతో కర్నూలుకూ అంతే గదా ఈడ నుంచి. ఇంటికి సరిపోయే చార్జి మా చెల్లెలి ఇంటికి సరిపోదా?"

అతని చేతులు స్టీరింగును గట్టిగా పట్టుకుని ఉన్నాయి, వేళ్ల కణుపులు తెల్లబడేలా. మాబున్నీసా కోడలి ముఖం చూసి, తల మీది తువ్వాలు కళ్ల మీదికి లాక్కుంది.

ఆపమని అరవొచ్చు. దిగి, వచ్చే బస్సును చేయెత్తి ఆపొచ్చు. ఫిరోజా ఆ రెండూ ఆలోచించింది. పక్కన అత్త చెంపలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆ ముసలామెను రోడ్డు మీద నిలబెట్టలేదు, వదిలేసి దిగలేదు. ఒళ్లో సంచిని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

నంద్యాల దాటాక రబ్బానీ మీటరు చూసుకుని ఏసీ వేశాడు. ఇక ఇల్లు దగ్గరే. ఇంట్లో ప్లగ్గు ఉంది, తను తవ్విన గుంత ఉంది. చల్లగాలి ముఖానికి తగిలేసరికి మాబున్నీసా "యా అల్లా" అని కళ్లు మూసుకుంది. ఫిరోజా చేయి చాపి, తన వైపు ఉన్న గాలి రెక్కల్ని పక్కకు తిప్పేసింది.

వాళ్లు ఇల్లు చేరాక ఖాసిం సాహెబ్ షాపు నుంచి వచ్చి, కారును చూసి, లోపలికి వచ్చి మనుషుల్ని చూసి, పేపరు కోసం వెతుక్కున్నాడు. ఈసారి ఆయన భుజాలు కదలలేదు.

శిరీన్ ఫోను చేసింది. "యాడుండారక్కా? బిర్యానీ చల్లారిపోయింది."

"ఇంటికాడ," అంది ఫిరోజా.

"ఎవరింటికాడ?"

"మా ఇంటికాడ. తిరిగొచ్చేసినాం."

శిరీన్ మెల్లగా, ఎవరూ వినకుండా అన్నట్టు, "రేపు కాటుక మా ఆడబిడ్డ పెడతానంటాండాదక్కా. ఏం చెప్పాల్నో నాకు తెలీలేదు," అంది.

"సరే, ఉండు," అంది ఫిరోజా, ఫోను పెట్టేసింది. ఉండు అన్నది చెల్లెలికో తనకో ఆమెకే తెలియలేదు.

పొద్దుగూకే వేళ జొన్నపిండి కలిపింది. వేడినీళ్లు పోసి, అరచేతి మడమతో నెట్టి నెట్టి మెదిపింది. పిండి సరిగ్గా మెదగకపోతే తట్టేటప్పుడు అంచు చీలుతుంది. ఈ రోజు ఒక్క రొట్టె కూడా చీలలేదు. తట్టుతూ, తిప్పుతూ, పెనం మీద వేసి తడిగుడ్డతో పైన నీళ్లు అద్దుతూ, ఒక్కొక్క రొట్టే తీసి గంపలో పేర్చింది. చేతులు ఇంత నిదానంగా పనిచేయడం ఆమెకే వింతగా ఉంది. ఒళ్లంతా అలసట. కానీ పొద్దున్నుంచీ లోపల అటూ ఇటూ కొట్టుకుంటున్నదేదో కదలకుండా కూర్చుంది.

చాప మీద నలుగురూ కూర్చున్నారు. ఫిరోజా పప్పు వడ్డించి, మునగాకు వేపుడు పెట్టి, తన పళ్లెంలోనూ పెట్టుకుంది. మామూలుగా అందరూ తిన్నాకే ఆమె కూర్చుంటుంది. మాబున్నీసా అది చూసి కాస్త జరిగి చోటిచ్చింది.

"రేపు తెల్లారి బస్సుకు నేను కడపకు పోతాండా," అంది ఫిరోజా, రొట్టె తుంచుతూ.

రబ్బానీ చేయి పళ్లెంలో ఆగింది. "కారు పెట్టుకోని బస్సులోనా? అష్రఫ్ ఏమనుకుంటాడు?"

"ఏమన్నా అనుకోనీ. నేను పోతాండేది వాన్ని సూసేకి కాదు."

"ఈ రాత్రికి మళ్లా ఫుల్ చార్జి పెడతా. పొద్దున చల్లగా ఉన్నప్పుడే..."

"పెట్టు. నువ్వు కార్లో రా. వస్తే నాకు సంతోషమే. నేను మాత్రం బస్సుకే." ఆమె గొంతు పెంచలేదు. పప్పులో ఉప్పు చాలిందా అని అడిగినట్టే ఉంది ఆ మాట. "ఇది రేపటి సంగతి మాత్రమే కాదు. ఇంకమీద కడపకు ఎప్పుడు పోవాలన్నా బస్సులోనే పోతా. చార్జి ఉండాదా, ఎండ తగ్గిందా, చార్జర్ పనిచేస్తాండాదా అని నిన్ను అడగను. నువ్వూ నాకు చెప్పే పనిలేదు."

ఖాసిం సాహెబ్ నమలడం ఆపాడు.

"నా చీర గూడా ఒకటి పెట్టు సంచిలో," అంది మాబున్నీసా.

"మరి నాకు వండేదెవరు?" అన్నాడు ఖాసిం సాహెబ్.

"నీ కొడుకు ఉంటాడు గదా ఇంట్లో. యాడికీ పోలేడు."

ఫిరోజా భర్త ముఖం వైపు చూసింది. కోపం వస్తుందనుకుంది. పళ్లెం తోసి లేస్తాడేమో అనుకుని సిద్ధంగా కూర్చుంది. కానీ రబ్బానీ భుజాలు మెల్లగా కిందికి దిగాయి. ఎవరో వచ్చి నెత్తిమీది మూట దించినట్టు, గుండెల్లోంచి ఒక పొడుగాటి ఊపిరి బయటికి వచ్చింది. అతను దాచుకుందామనుకున్నాడు గానీ దాగలేదు. ఇన్నాళ్లూ ఆమె అడుగుతూ ఉంటే, లేదనలేక, తీసుకుపోనూలేక ఈ మనిషి ఎంత మోశాడో ఆమెకు ఆ ఊపిరిలో వినిపించింది. ఆమె పోవడం కన్నా ఆమె అడగడమే అతనికి బరువైంది. అది తెలిసి ఆమెకు నొప్పి కలిగింది. ఆ నొప్పి పక్కనే ఒక తేలిక కూడా ఉంది. రెండింటినీ విడదీసే ఓపిక ఆ పూట ఆమెకు లేదు.

గంపలోంచి వేడిగా ఉన్న రొట్టె తీసి అతని పళ్లెంలో వేసింది.

"బస్టాండు దాకా కార్లో దింపుతా," అన్నాడు రబ్బానీ, రొట్టె వైపు చూస్తూ.

"దింపు," అంది.

"ఎల్లుండి వచ్చేస్తావా?"

"రాను. చిల్లా అయినాక గూడా ఉంటా."

"ఎన్నాళ్లు?"

"ఇప్పుడే ఎట్ల చెప్తా?" అంది ఫిరోజా. "ముందు పొయ్యి బిడ్డను ఎత్తుకోనీ."